సముద్రమా, ట్రాములా

ఏప్రిల్ 6

సెలవు దొరికింది. జూన్‌లో రెండు వారాలు. ఓనరుగారు సంతకం పెడుతూ, "నువ్వు లోపలికొచ్చి నిలబడితే భయపడి చచ్చాను, మానేస్తానంటావేమోనని. సెలవేనా! వెళ్ళిరా తల్లీ," అన్నారు. ఆయన భయానికి అర్థం ఉంది. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళలో సగం మంది నేను చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, మేం కట్టుడు పళ్ళు చేసి పంపుతాం. ఆ నోళ్ళు ఎవరివో మాకు తెలియదు. ఈ పనిలో నాకు నచ్చేది అదే.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, ఇద్దరం విదేశం వెళ్దామని. నాన్న మంచాన పడ్డాక మేమిద్దరం కలిసి గడప దాటింది లేదు. ఒకరు బయటికెళ్తే ఒకరు ఇంట్లో. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు దాటొచ్చు.

"సముద్రానికి వెళ్దాం," అంది అమ్మ, నా మాట పూర్తి కాకుండానే.

నేను అప్పటికే నగరం అని అనేసుకున్నాను.

ఏప్రిల్ 9

ట్రావెల్స్ అమ్మాయి రెండు రంగుల కాగితాలు ఇచ్చింది. ఒకదాని మీద ఇసుక, గొడుగు, గొడుగు కింద ఎవరివో కాళ్ళు. రెండోదాని మీద వంతెన, వంతెన మీద ట్రాము. రెండూ ఒకే దేశంలోవి, కానీ ఒక కొసన ఒకటి, ఇంకో కొసన ఇంకొకటి. ఏదో ఒకటే పెట్టుకోండి, లేకపోతే సెలవంతా రైల్లోనే గడిచిపోతుంది అంది ఆ అమ్మాయి.

వంటింటి బల్ల మీద రెండూ పరుచుకుని కూర్చున్నాం.

"ఇక్కడ ఏముందే?" అంది అమ్మ, వంతెన కాగితాన్ని వేలితో పక్కకు నెడుతూ.

"మ్యూజియం ఉంది. పాత వీధులున్నాయి. ట్రాములు."

"ట్రాము ఎక్కడానికి విమానం ఎక్కాలా?"

"సముద్రం చూడటానికి మాత్రం ఎక్కొచ్చా?"

"చూడటానికి ఎవరన్నారు? దిగడానికి."

అమ్మ చలికాలం నుంచి మునిసిపాలిటీ కొలనులో ఈత నేర్చుకుంటోంది. అరవై ఏడేళ్ళ మనిషి. ఈత బట్టలు స్నానాల గదిలో కడ్డీ మీద ఆరుతుంటాయి. మొదట్లో చూసినప్పుడల్లా ఎవరో నిలబడ్డారనుకుని ఉలిక్కిపడేదాన్ని.

"అక్కడివన్నీ రాళ్ళు పరిచిన వీధులట. నా మోకాళ్ళు ఏం కావాలి?" అంది మళ్ళీ.

"ఇసుకలో నడిస్తే మోకాళ్ళకు ఇంకా చెడ్డది."

"ఇసుకలో పడితే దెబ్బ తగలదుగా."

ఈ వాదనలన్నీ ఎప్పుడు నేర్చిందో. నాన్న ఉన్నన్నాళ్ళూ "సరే" అన్న మాట తప్ప ఆవిడ నోటి వెంట వేరే మాట విన్నట్టు గుర్తు లేదు.

ఏప్రిల్ 10

అమ్మ ఇంకా సముద్రమే అంటోంది.

ఏప్రిల్ 14

ల్యాబులో నా పక్క బల్ల ఆయన పళ్ళకు ఆఖరి మెరుగు ఎక్కిస్తాడు. అందుకని అందరం పింగాణి అంటాం. ఆయనకూ ఆ పేరే ఇష్టం. మధ్యాహ్నం డబ్బాలు తెరుస్తుంటే, ఎక్కడికి వెళ్తున్నారు అని అడిగాడు. ఊరి పేరు చెప్పాను.

"ఆ ఊళ్ళోనే కదూ మీ చెల్లెలు ట్రాము నడిపేది?"

"ఆ ఊళ్ళోనే అనుకుంటా."

"అనుకోవడమేంటండీ, సొంత చెల్లెలైతే!"

"చాలా ఊళ్ళలో ట్రాములున్నాయి," అన్నాను.

ఆయన ఇంకేం అడగలేదు. మెరుగు పని చేసేవాళ్ళకు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. ఒక పొర ఎక్కువైతే పన్ను గాజులా కనిపిస్తుంది.

ఏప్రిల్ 18

సరే, ఇక్కడ రాసుకోవడానికేం.

అవును, చెల్లెలు ఆ ఊళ్ళోనే ఉంది. నగరం అనడానికి అదే కారణం. అమ్మకు చెప్పకుండా తీసుకెళ్దామని. చెల్లెలి పేరు ఎత్తితే అమ్మ బాధపడుతుంది, అందుకే ఏడాదిగా మా ఇంట్లో ఎవరం ఎత్తం. నాన్న మంచాన పడ్డ నాలుగేళ్ళలో అది ఒక్కసారి వచ్చింది. రెండు రోజులు ఆయన గదిలో కుర్చీ చివర కూర్చుని వెళ్ళిపోయింది. పోయినప్పుడు రాలేదు. నెల తర్వాత వచ్చింది, ఒక్క పూట ఉంది.

నాకు దాని మీద కోపం లేదు. తల్లీ కూతుళ్ళను కలపడమే నా ఉద్దేశం.

ఎలా జరుగుతుందో కూడా అనుకుని పెట్టుకున్నాను. మూడో రోజో నాలుగో రోజో అమ్మను ట్రాము ఎక్కిస్తాను. ముందు తలుపు దగ్గర. అది యూనిఫాంలో కూర్చుని ఉంటుంది. అమ్మ చూస్తుంది. అమ్మ ఏడుస్తుంది, అదీ ఏడుస్తుంది. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడతాను. నేను ఏడవను. అది నా వంక చూసి, "చాలా తగ్గిపోయావక్కా," అంటుంది. "ఏం లేదులే," అంటాను.

రోజూ బస్సులో ఈ భాగం దగ్గరే నా స్టాపు వచ్చేస్తోంది.

ఏప్రిల్ 23

ఒక విచిత్రం. సముద్రం అంటే ఏ ఊరి సముద్రం కావాలో చూసుకుందామని ట్రావెల్స్ అమ్మాయి పటం తెరిచింది. నేను వెతుకుతూ ఉండగానే అమ్మ ఊరి పేరు చెప్పేసింది. చిన్న ఊరు. స్టేషన్ నుంచి నీళ్ళ దాకా నడిచి పోవచ్చట. హోటలు కంటే గదులు అద్దెకు తీసుకోవడమే నయమట.

"నీకెవరు చెప్పారు?"

"కొలనులో ఎవరో చెప్పారు."

అమ్మ జన్మలో పటం తెరిచిన మనిషి కాదు. కొలనుకు వచ్చేవాళ్ళు బాగా తిరిగినవాళ్ళే అయి ఉంటారు.

ఏప్రిల్ 29

నగరానికి టికెట్లు తీసేస్తాను, తర్వాత అమ్మే సర్దుకుంటుంది అనుకున్నాను. ట్రావెల్స్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. కంప్యూటర్ పని చేయడం లేదన్నారు. వాళ్ళు అనే లోపలే నేను లేచానేమో కూడా.

మే 2

అమ్మ కొలనుకు రమ్మంది. నేను ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. గాజు గోడ వెనక చిన్న క్యాంటీను, ప్లాస్టిక్ కుర్చీలు, అన్నిటికీ ఒకటే మందు వాసన. అమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం ఎర్రగా, పది కిలోమీటర్లు ఈదినట్టు వచ్చి కూర్చుంది. రెండు టీలు చెప్పింది.

"ఒక మాట చెప్తాను. మధ్యలో లేవకు."

"చెప్పు."

"చిన్నది సముద్రానికి వస్తోంది."

ఏ చిన్నది అని అడిగాను. నిజంగానే అడిగాను. ఏడాదిగా వినని మాట.

"నీ చెల్లెలే. ఆ ఊరు చెప్పింది అదే. గది కూడా అదే చూసింది."

"దాంతో ఎప్పుడు మాట్లాడావు?"

"వారం వారం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఇక్కడి నుంచే. ఇంట్లో అయితే నువ్వుంటావు కదా."

టీలు వచ్చాయి. చక్కెర తక్కువైందని అమ్మ లేచి వెళ్ళి తెచ్చుకుంది. నన్ను లేవొద్దన్న మనిషి.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"అదే వద్దంది. ముందు చెబితే అక్క రాదు, అక్కడికొచ్చాక చెప్పమంది. నాకే మనసు ఒప్పక చెప్తున్నాను."

"నేనెందుకు రాను? నాకేమైనా కోపమా?"

"కోపమైనా బాగుండేది. అరిచి ఊరుకునేదానివి. నాన్న పోయిన నెలకు అది ఇంటికొస్తే నువ్వేం చేశావో గుర్తుందా? కొత్త దుప్పటి తీసి పరిచావు. బీరువాలోంచి మంచి కప్పు తీసి టీ ఇచ్చావు. ప్రయాణం బాగా జరిగిందా అని అడిగావు. సొంత చెల్లెల్ని చుట్టాన్ని చేసి కూర్చోబెట్టావే. నాలుగు రోజులు ఉండాలని వచ్చింది అది. ఆ కప్పు చూసి సాయంత్రానికే పెట్టె సర్దుకుంది."

"మర్యాద చేస్తే తప్పా?"

అమ్మ టీలో చక్కెర కలుపుకుంది.

"అయితే నగరానికే వెళ్దాం," అన్నాను. "అక్కడే ఉంది కదా అది. అక్కడే చూడొచ్చు."

"నువ్వు చూడటానికి వెళ్ళడం లేదు, పట్టుకోవడానికి వెళ్తున్నావు. అది పనిలో ఉండగా, పది మంది మధ్య. నాకు తెలియదనుకున్నావా? ట్రాములు ట్రాములని నెల రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నావు."

గాజు అవతల ఎవరో ముసలాయన నీళ్ళలో వెల్లకిలా పడి కదలకుండా ఉన్నాడు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కాళ్ళు ఆడించాడు.

మే 3

నాకు కోపం లేదు.

మే 6

రంగు తప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. ముప్పై ఏళ్ళ మనిషికి ముందు పళ్ళు రెండు కావాలి. డెబ్బై ఏళ్ళ నోటికి సరిపడే పసుపులో చేశాను. పింగాణి చూసి, తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మళ్ళీ చేశాను.

అమ్మా నేనూ బాగానే ఉన్నాం. అన్నం పెట్టనా అంటే పెట్టు అంటాను. లైటు ఆపనా అంటే ఆపు అంటాను.

ఇన్నాళ్ళూ కలిపేదాన్ని నేనని అనుకుంటూ ఉన్నాను. వాళ్ళు ఎప్పుడో కలిసిపోయారు. నాకు తెలియకుండా ఎలా కలవాలా అన్నదే వాళ్ళ సమస్య.

మే 9

చెప్పేశాను. అమ్మ సముద్రానికి, నేను నగరానికి.

"ఒక్కదానివే ఏం చేస్తావే?"

"మ్యూజియం చూస్తాను."

"ట్రాములు?"

"అవీ చూస్తాను."

రమ్మని బతిమాలుతుందనుకున్నాను, అప్పుడు ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. బతిమాలలేదు. "సరే, స్వెటర్ పెట్టుకో, అక్కడ పొద్దున పూట చల్లగా ఉంటుందట," అంది.

చల్లగా ఉంటుందని ఎవరు చెప్పారో అడగలేదు.

ట్రావెల్స్ అమ్మాయి రెండు చోట్లకూ విడివిడిగా టికెట్లు తీస్తూ, "ఏమైనా గొడవపడ్డారా అండీ?" అంది. లేదు, అభిరుచులు వేరు అన్నాను.

మే 16

చెల్లెలి నుంచి మెసేజి. ఏడాది తర్వాత.

"అక్కా, నేను సముద్రం దగ్గరుంటాను కాబట్టి ఇల్లు ఖాళీ. తాళం కింద దుకాణం ఆవిడకిస్తాను. హోటలెందుకు."

హోటలెందుకు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టలేదు. చిన్నప్పుడు కూడా పెట్టేది కాదు, టీచర్లు మార్కులు కోసేవాళ్ళు.

మే 17

జవాబివ్వలేదు.

మే 20

హోటళ్ళన్నీ నిండిపోయాయి. ఒకటి రెండు ఖాళీగా ఉన్నాయి గానీ స్టేషన్‌కు దూరం. ఇంకొకటి దగ్గరే గానీ కిటికీ గోడ వైపు.

చెల్లెలికి "థాంక్స్" అని రాశాను. పంపబోతూ ఆగాను. అమ్మ మాట గుర్తొచ్చింది. కొట్టేసి "సరే" అని పంపాను.

వెంటనే చూసినట్టుంది. బదులు రాలేదు.

జూన్ 3

ఇద్దరం ఒకే విమానంలో వచ్చాం. స్టేషన్‌లో అమ్మను సముద్రం వైపు వెళ్ళే రైలెక్కించాను. భాష రాదు, ఒక్కతే, నాకే భయం. అమ్మ మాత్రం కిటికీ పక్కన కూర్చుని ఎదుటి సీటు ఆవిడకు అప్పుడే బిస్కెట్లు ఇస్తోంది. అక్కడ దిగేసరికి ప్లాట్‌ఫారం మీద చెల్లెలు నిలబడి ఉంటుందట. రైలు కదిలేటప్పుడు అమ్మ, "నువ్వు జాగ్రత్త!" అని అరిచింది. నేను అనాల్సిన మాట.

జూన్ 4

ఇంటి కింద దుకాణం బూట్లు బాగుచేసేది. అందులో ఆవిడ నా ముఖం చూడగానే నవ్వి, నేను ఏమీ అడగకముందే తాళంచెవి తీసి ఇచ్చింది. మా ఇద్దరి పోలిక అంతగా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మూడో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో నిలబడి చెయ్యి చాపితే రెండు గోడలూ అందుతాయి. మా ఇంట్లో బట్టలు ఎక్కడ విప్పితే అక్కడ పడేసే మనిషి, ఇక్కడ బూట్లు వరసగా పెట్టుకుంది. అన్నీ నల్లవే, మడమలు ఒకే వైపు అరిగి.

మంచం మీద కొత్త దుప్పటి. మడత గీతలు ఇంకా పోలేదు. బల్ల మీద ఒక మంచి కప్పు, అంచు బంగారు రంగు, కింద సాసరు. దాని పక్కన చీటీ: "పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఏం కావాలన్నా మొహమాటపడకండి."

కండి.

నిలబడి ఆ చీటీని చాలాసార్లు చదివాను. అది ఎగతాళికి రాయలేదు. నాతో ఎలా మాట్లాడాలో తెలియక రాసింది. మా ఇంట్లో ఆ కప్పు ముందు కూర్చున్నప్పుడు దానికి ఎలా ఉండి ఉంటుందో కొంచెం తెలిసింది.

కొత్త దుప్పటి తీసి మడిచి పెట్టేశాను. బీరువా కింది అరలో ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతది దొరికింది. అది పరుచుకుని పడుకున్నాను.

జూన్ 5

మ్యూజియం చూశాను. పెద్దది. రాళ్ళ వీధుల సంగతి అమ్మ చెప్పిందే నిజం.

జూన్ 6

ట్రాము ఎక్కాను. చెల్లెలు నడిపే రూటే, నంబరు వంటింట్లో డ్యూటీ కాగితం మీద ఉంది. ముందు సీట్లో కూర్చున్నాను. బేకరీ, బడి, వంతెన, ఆసుపత్రి, పువ్వుల దుకాణం, పాత గోడ, మళ్ళీ ఇళ్ళు. రోజూ ఇదే చూస్తుందన్నమాట, ఇటు ఒకసారి, అటు ఒకసారి.

చివరి స్టాపులో అందరూ దిగినా నేను దిగలేదు. డ్రైవరు మీసాల పెద్దాయన. దిగమని చెప్పడానికి వచ్చి నన్ను చూసి ఆగాడు. ఇద్దరికీ సగం సగం వచ్చిన భాషలో మాట్లాడుకున్నాం.

"మీరు ఆవిడకు అక్కా?"

అవునన్నాను.

ఆయన ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసి నాకిచ్చాడు. తిరిగి బయల్దేరడానికి ఇంకా టైముందట.

"మంచి డ్రైవరు. బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళు కదలరు," అన్నాడు. తర్వాత, "మీ నాన్నగారి సంగతి మాకు నెల తర్వాత తెలిసింది. ఊరెళ్ళాలి, సెలవు కావాలని వచ్చినప్పుడు చెప్పింది. నెల రోజులూ ఒక్క డ్యూటీ మానలేదు. ఇంకొకళ్ళ డ్యూటీలు కూడా అడిగి చేసింది. మేమేమో డబ్బు అవసరం కాబోలనుకున్నాం."

నేను కాఫీ తాగాను. చల్లారిపోయింది.

"ముందే చెబితే ఆ రోజే పంపేవాళ్ళం కదా," అన్నాడాయన, నాకు సంజాయిషీ ఇస్తున్నట్టు.

తిరుగు ప్రయాణంలోనూ ముందు సీట్లోనే కూర్చున్నాను. ఇంటికొచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. కోపం లేదు, కోపం లేదని ఎన్ని చోట్ల రాశానో. లేని దాని గురించి ఎవరూ ఇన్నిసార్లు రాయరు.

జూన్ 7

ఇల్లు దులిపాను. దుమ్మేం లేదు.

జూన్ 8

అమ్మ ఫోన్ చేసింది. గాలి హోరు, ఎవరివో పిల్లల కేకలు. ఛాతీ లోతు దాకా వెళ్ళిందట, అల వచ్చి మింగితే ఉప్పు నీళ్ళు తాగిందట, అయినా మళ్ళీ వెళ్ళిందట. గొంతు ఎవరిదో చిన్నపిల్లది లాగుంది. వెనక నుంచి చెల్లెలు, "చెవుల్లో నీళ్ళు పోయాయని కూడా చెప్పు," అంటోంది.

"దానికి ఇవ్వనా?" అంది అమ్మ.

"వద్దులే. ఇల్లు బాగుందని చెప్పు."

"నేనేం పోస్టుమేన్‌నా? నువ్వే చెప్పుకో," అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తుందేమోనని ఫోన్ బల్ల మీదే పెట్టుకుని కూరగాయలు తరిగాను. చేయలేదు. నేనూ చేయలేదు.

జూన్ 9

మధ్యాహ్నం వంటిల్లూ గదీ నీళ్ళు పెట్టి తుడిచి, తడి ఆరాలని కిటికీ తెరిచాను. బెల్లు మోగింది. దుకాణం ఆవిడేమో అనుకుని తీశాను.

చెల్లెలు. భుజాన సంచి, ముక్కు మీద ఎండకు చర్మం లేచిపోయింది. గడప అవతలే నిలబడింది.

"నీ ఇంటికి నువ్వే బెల్లు కొడతావేంటి?" అన్నాను.

"తాళం నీ దగ్గరుంది కదా."

"అమ్మ ఏది?"

"అక్కడే ఉంది. పక్క గదిలో దిగిన మొగుడూ పెళ్ళాలతో స్నేహం కట్టింది. ముగ్గురూ కలిసి ఈతకెళ్తున్నారు. భాష లేదు, ఏం లేదు, పొద్దస్తమానం నవ్వులే. నాకు తోడున్నారు, అక్కడ దానికెవరూ లేరు, నువ్వు ఫో అని రైలెక్కించింది."

నోటికొచ్చింది అన్నాను.

"చెప్పులు బయట విప్పు. ఇప్పుడే తుడిచాను."

తన గడప వంక ఒకసారి చూసుకుంది, నా వంక ఒకసారి చూసింది. విప్పింది. లోపలికి అడుగు పెట్టి సంచి దించగానే జేబుల్లోంచి, సంచిలోంచి, ఎక్కడెక్కడి నుంచో ఇసుక జలజల రాలింది. తడి నేల మీద.

"ఇసుక!" అని అరిచాను.

"తుడిచేస్తాన్లే అక్కా."

"ఎవరు తుడుస్తారు? నువ్వా? ఎప్పుడు తుడిచావు నువ్వు? నేనేగా తుడిచేది! పొద్దున తుడవాలి, మధ్యాహ్నం తుడవాలి, పక్క మార్చాలి, ఒళ్ళు తుడవాలి, నోరు తుడవాలి, నాలుగేళ్ళు నేనే తుడిచాను! అమ్మకు నడుం వంగదు, నీకు తీరదు, నేనొక్కదాన్నే ఉన్నానే అక్కడ! ఆయన పోయిన రోజు కూడా నేనొక్కదాన్నే!"

ఇసుక గురించి కాదని నేలకు కూడా తెలిసే ఉంటుంది. కిటికీ తెరిచే ఉంది. కింద బూట్ల మీద సుత్తి చప్పుడు ఆగిపోయింది.

చెల్లెలు ఇసుకలోనే నేల మీద కూర్చుండిపోయింది.

"అమ్మ ఫోన్ చేసినప్పుడు డ్యూటీలో ఉన్నా," అంది. "చివరి స్టాపులో చూసుకున్నాను. మళ్ళీ బయల్దేరే టైమైంది. బయల్దేరాను. అంతే అక్కా. పట్టాల మీద బండి, మలుపు తిప్పే పని కూడా లేదు, అదే పోతుంది. నేను బండి దిగితే నాన్న పోయినట్టు. దిగకపోతే ఇంకా ఏమీ కానట్టు. మర్నాడూ ఎక్కాను. ఆ మర్నాడూ."

"నెల రోజులా?"

"నెల రోజులు. అంతకుముందు కూడా అంతే. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నీళ్ళు కావాలంటే నిన్నే పిలిచాడు. నేను పక్కనే ఉన్నా నిన్నే పిలిచాడు. నాకు భయం వేసింది. నాకు చేతకాదు, నీకు చేతనవుతుంది అనుకుని వచ్చేశాను."

"నాకు మాత్రం చేతనయిందా?"

ఈ మాట బయటికి అన్నానో లేదో నాకే తెలియదు. అనే ఉంటాను. ఎందుకంటే చెల్లెలు తలెత్తి, "అలా అని ఎప్పుడూ చెప్పలేదే నువ్వు," అంది.

చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా, మేం బాగానే ఉన్నాం, నీ పని చూసుకో, అనేదాన్ని. నేను చెప్పకుండానే అది తెలుసుకోవాలని.

దాని తప్పు తప్పే. ఇవాళ అది చెప్పినంత మాత్రాన నాకు ఆ నాలుగేళ్ళు తిరిగి రావు. అదీ క్షమించమని అడగలేదు. అడిగితే మళ్ళీ ఏదో మర్యాద మాట అనేదాన్నేమో. నేనూ నేల మీదే కూర్చున్నాను. కింద సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. కాసేపటికి ఆకలేస్తోందంది. నిన్న తరిగి మిగిలిన కూరగాయలు వేయించి పెట్టాను. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం, కంచాలు కడగడం దండగని.

"ఉప్పు ఎక్కువైంది," అంది.

"సముద్రం తాగి వచ్చావుగా, నీకలాగే ఉంటుంది," అన్నాను.

జూన్ 10

రైల్లో రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి. అమ్మ దగ్గరికి వెళ్తున్నాం, ఇద్దరమూ. అమ్మకు ఫోన్ చేస్తే, "ఇక్కడ గది చిన్నది, ముగ్గురం పట్టం," అంది. అని వెంటనే, "ఏ బండికి వస్తున్నారు?" అంది.

సముద్రమంటే నాకు పెద్ద ఇష్టమేమీ లేదు. ఇంకా సెలవు మిగిలింది కాబట్టి వెళ్తున్నాను.

ఎక్కగానే కిటికీ సీటు దగ్గర గొడవ. నేను పెద్దదాన్ని అన్నాను. టికెట్లు నేను తీశానంది. నువ్వు ఈ దారి మొన్ననే చూశావు కదా అన్నాను. అటు వెళ్ళేటప్పుడు చూశాను, ఇటు వచ్చేటప్పుడు నిద్రపోయానంది. నీ మొహం, అటైనా ఇటైనా ఉండేది ఒకటే దారి అన్నాను. నీకు రైళ్ళ గురించి తెలియదు, రెండు వైపులా ఒకలా ఉండదంది. ఎదుటి సీటు పెద్దమనిషి పేపరు దించి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. భాష తెలియకపోయినా విషయం అర్థమైనట్టే ఉంది.

చివరికి మోచేత్తో నన్ను నెట్టేసి కూర్చుంది. నొప్పిగా ఉంది. అది నిద్రపోతే లేపి మారుస్తాను.